గల్ఫ్‌కు ఒంటరిగా వెళ్ళే మహిళ: వీసా ఎంపిక

విదేశాలకు ఒంటరిగా వెళ్ళే స్త్రీ అనగానే చాలామందికి విహారయాత్ర గుర్తుకు వస్తుంది. కడప, గోదావరి జిల్లాల నుంచి ఇంటిపనికి కువైట్ వెళ్ళే స్త్రీలదీ ఒంటరి ప్రయాణమే. అటువంటి ప్రయాణంలో మీరు మొదట పరిశీలించవలసింది టికెట్టు ధర కాదు, వీసా రకం.

పదో తరగతి ఉత్తీర్ణులు కానివారికి సాధారణంగా ఇ.సి.ఆర్. పాస్‌పోర్టు ఇస్తారు. ఆ పాస్‌పోర్టుతో గల్ఫ్ దేశాలకు పనికి వెళ్ళాలంటే 1983 నాటి వలసల చట్టం ప్రకారం ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. స్త్రీలకు కనీస వయస్సు 30 సంవత్సరాలు. ఈ నిబంధనను తప్పించడానికే కొందరు ఏజెంట్లు "ముందు విజిట్ వీసా మీద వెళ్ళమ్మా, అక్కడ మార్పిస్తాం" అంటారు.

అలా వెళితే పోయేదేమిటి? అనుమతి తీసుకున్నప్పుడు మీ పని ఒప్పందం ఈ-మైగ్రేట్‌లో నమోదవుతుంది. యజమాని పేరు, చిరునామా, జీతం మన ప్రభుత్వానికి తెలుస్తాయి. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల రూపాయల ప్రమాద బీమా ఉంటుంది. విజిట్ వీసాతో వెళ్ళినవారికి ఇవేవీ ఉండవు. జీతం ఆపినా, కొట్టినా, వారు ఏ ఇంట్లో ఉన్నారో కనుక్కోవడమే రాయబార కార్యాలయానికి కష్టం. (ఏజెంటు ఫోను అప్పటికి పలకదు.)

ఇంటిపనివారి చేత రోజుకు 12 గంటలకు మించి పని చేయించరాదని, వారానికి ఒక సెలవు ఇవ్వాలని కువైట్ 2015లో చట్టం చేసింది. నాలుగు గోడల మధ్య దాని అమలు అంతంతమాత్రమే. అయినా ఒప్పందపత్రం చేతిలో ఉంటే ఫిర్యాదుకు ఆధారం ఉంటుంది.

ఏజెంటుకు డబ్బు కట్టకముందే ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్‌ను, తెలంగాణలో టామ్‌కామ్‌ను సంప్రదించండి. ఇవి ప్రభుత్వ నియామక సంస్థలు. పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం నకళ్ళు ఒక జత ఇంటి దగ్గర ఉంచి వెళ్ళండి.