చేపలకు వరదే పుట్టినిల్లు

వరద అనగానే మన మనస్సులో మెదిలేవి కూలిన ఇళ్ళు, మునిగిన పైరులు, గట్ల మీద తలదాచుకొన్న జనం. ఆ దుఃఖం నిజమైనదే. అయితే అదే నీటిలో, అవే దినాలలో, మన కంటికి ఆనని మరొక మహత్కార్యం సాగిపోతూ ఉంటుంది. గంగా, బ్రహ్మపుత్ర మైదానాలలో నది ఒడ్డు దాటి పల్లపు భూముల మీద పరచుకొన్న పలుచని బురదనీరు కోట్లాది చేపపిల్లలకు పురిటిల్లు అవుతుంది. ఆ నీరు పొలానికి చేరకపోతే నదిలో చేప వంశం నిలవదు.

ఋతువు పంపే కబురు

కట్లా, రోహు, మృగాల్ అనే మూడు చేపలు మన దేశపు మంచినీటి చేపలలో అగ్రగణ్యమైనవి. కోస్తా జిల్లాల వారు వీటిని బొచ్చె, శీలావతి, ఎర్రమోసు అని పిలుస్తారు. వేసవిలో పగటి పొద్దు పెరిగి, నీరు వేడెక్కే కొద్దీ వీటి గర్భంలో గ్రుడ్లు పక్వానికి వస్తాయి. బరువులో ప్రతి కిలోకు సుమారు రెండు లక్షల గ్రుడ్ల వంతున తల్లిచేప మోస్తుంది. కాని గ్రుడ్లు పండినంత మాత్రాన ప్రసవం జరగదు. నిలవ నీటి చెరువులో ఉంచితే ఆ గ్రుడ్లన్నీ తల్లి శరీరంలోనే ఇంకిపోతాయి.

చేప ఎదురు చూసేది నది పంపే కబురు కోసం. తొలకరి వానలకు నీటి మట్టం లేస్తుంది, ప్రవాహం వడి అందుకొంటుంది, నీరు చల్లబడి మట్టిరంగుకు తిరుగుతుంది, అందులోని లవణాలు పలుచబడతాయి. ఈ మార్పులన్నీ కలిసివచ్చినప్పుడు చేప మెదడు క్రింద ఉన్న పీయూష గ్రంథి రక్తంలోకి ప్రేరక రసాలను విడుదల చేస్తుంది. అప్పుడు చేపలు ప్రవాహానికి ఎదురీది, కొత్తగా మునిగిన లోతు తక్కువ నేలలను చేరుకొంటాయి. మగచేపలు ఆడచేపలను తరుముతూ నీటిని కలచివేస్తాయి. గ్రుడ్లు, వీర్యం నీటిలోనే కలుస్తాయి.

మూడు దినాల గడువు

నీటిలో పడిన గ్రుడ్డు ఉబ్బి పారదర్శకమైన ముత్యంలా మారుతుంది. అది దేనికీ అంటుకోదు. పూర్తిగా మునగక, తేలక ప్రవాహంతోపాటు సాగిపోతుంది. నీటి వెచ్చదనం అనుకూలంగా ఉంటే పదిహేను, పద్దెనిమిది గంటలలో పిల్ల బయటికి వస్తుంది. కడుపు క్రింద వ్రేలాడే పచ్చసొన సంచియే దానికి తొలి ఆహారం. ఆ సంచి సుమారు మూడు దినాలలో కరిగిపోతుంది. ఆలోగా బయటి మేత దొరకకపోతే దానికి మరణం తప్పదు.

మేత దొరికేది నది నడిబొడ్డున కాదు. అక్కడ వడి ఎక్కువ, ఒండ్రు ఎక్కువ, వెలుగు తక్కువ. కాని వేసవి అంతా ఎండిన పొలంలో పశువుల పేడ, కొయ్యకాళ్ళు, ఎండుటాకులు పేరుకొని ఉంటాయి. వరద నీరు తాకగానే అవి కుళ్ళి నేలలోని సారం నీటిలోకి దిగుతుంది. కొద్ది దినాలలోనే నాచుకణాలు, వాటిని తినే సూక్ష్మజీవులు అపారంగా పెరుగుతాయి. చేపపిల్లకు అదే అన్నం. మునిగిన గడ్డి దానికి శత్రువుల కంటబడకుండా దాగే చోటు. వాన తగ్గి నీరు తీసేటప్పటికి వ్రేలెడు పొడవు పెరిగిన పిల్లలు కాలువల వెంట తిరిగి నదికి చేరుకొంటాయి. నది ఇలా ఏటేటా నేల మీదికి ఎక్కి దిగే తీరును 1989లో యుంక్, బేలీ, స్పార్క్స్ అనే శాస్త్రజ్ఞులు నాడి కొట్టుకోవడంతో పోల్చారు.

నదికి తిరిగిపోని జాతులూ ఉన్నవి. కొర్రమీను, మార్పు, ఇంగిలాయి వంటివి వరద తీసిన తరువాత పల్లపు మడుగులలోనే నిలిచిపోతాయి. నీటిలో ప్రాణవాయువు తరిగినా పైకి వచ్చి గాలి పీల్చుకోగల ప్రత్యేక అవయవాలు వీటికి ఉన్నవి. కొర్రమీను కలుపు మొక్కల నడుమ గూడు చేసుకొని, ఎర్రని పిల్లల గుంపును వారాల తరబడి కాపలా కాస్తుంది. 2016లో తెలంగాణ తన రాష్ట్ర చేపగా ఎన్నుకొన్నది దీనినే.

వరదకు మారు సూదిమందు

శతాబ్దాలుగా వంగదేశంలోను, బీహారులోను చెరువులకు చేపపిల్లలను ప్రధానంగా ఇచ్చింది నదే. వరద దినాలలో బెస్తలు ఒడ్డు వెంబడి గరాటు వంటి సన్నని వలలు కట్టి, కొట్టుకువచ్చే పిల్లలను పట్టి, మట్టికుండలలో పోసి రైళ్ళ మీద దూరప్రాంతాలకు పంపేవారు. ఏ జాతి పిల్ల ఎంత వచ్చిందో పెరిగితే గాని తెలిసేది కాదు.

1957 జూలై 10న ఒడిషాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి అనే శాస్త్రజ్ఞుడు ఈ పరిస్థితిని మార్చివేశాడు. వేరే చేపల పీయూష గ్రంథి నుండి తీసిన రసాన్ని తల్లిచేపలకు సూదిమందుగా ఇచ్చి, నిలవ నీటిలోనే గ్రుడ్లు పెట్టించాడు. వరద పంపవలసిన కబురును మనిషి చేప శరీరంలోకి నేరుగా ఎక్కించాడన్నమాట. అప్పటి నుండి చేపపిల్లల ఉత్పత్తి కేంద్రాలు దేశమంతటా వెలసినవి. ఈనాడు కొల్లేటి చుట్టుపట్ల చెరువులలో పెరిగిన చేపలు మంచులో సర్దుకొని కలకత్తా, గౌహతి బజారులకు లారీలలో ప్రయాణం చేస్తున్నవి. నది బిడ్డలు నది ఒడ్డునే ఉన్న పట్టణాలకు చెరువుల నుండి వెళ్ళడం చిత్రమే గదా!

ఈ విజయం మనలో ఒక భ్రమను కూడా కలిగించింది. సూదిమందు ఉన్నది గనుక వరదతో పని లేదనుకొన్నాము. ఉత్పత్తి కేంద్రంలో కొద్దిపాటి తల్లిచేపల నుండే ఏటేటా పిల్లలను తీస్తూపోతే రక్తసంబంధం దగ్గరై సంతతి బలహీనపడుతుంది. దానిని సరిదిద్దే కొత్త రక్తం రావలసింది నది నుండే. పైగా పరిగెలు, జెల్లలు వంటి చిన్నచేపలను ఈ కేంద్రాలు సాధారణంగా పెంచి పంచిపెట్టవు. పేదవాని కంచంలోకి వచ్చే చేప మాత్రం అదే.

గట్టుకు అవతల

నదికీ పల్లానికీ మధ్య గట్టు లేచిన చోట ఈ బంధం తెగిపోతుంది. బీహారులో 1954 నాటికి సుమారు 160 కిలోమీటర్ల వరద కట్టలు ఉండేవి. తరువాతి దశాబ్దాలలో అవి మూడు వేల కిలోమీటర్లు దాటినవి. అదే కాలంలో వరద ముప్పు ఉన్న భూమి 25 లక్షల హెక్టార్ల నుండి 68 లక్షల హెక్టార్లకు పైబడింది. ఉత్తర బీహారులో చౌర్‌లు, మౌన్‌లు అని పిలిచే పల్లపు మడుగులు నదికి దూరమై, కొత్త పిల్లలు రాక వట్టిపోతున్నవి. కట్ట తెగినప్పుడు వచ్చే నీరు చేపకూ మేలు చేయదు. 2008 ఆగస్టు 18న నేపాల్‌లోని కుసహా వద్ద కోసీ కట్ట తెగినప్పుడు వచ్చింది మెల్లగా ఎక్కి మెల్లగా దిగే వరద కాదు, ఒక్కసారిగా వచ్చిపడిన ఉపద్రవం.

అలాగని కట్టలన్నీ తీసివేయమని ఎవరూ చెప్పలేరు. వాటి వెనుక ఊళ్ళున్నవి. చేయగలిగిన పనులు వేరే ఉన్నవి. తొలి వరదలోనే తూముల తలుపులు ఎత్తితే చేపపిల్లలు పల్లానికి చేరతాయి. పూడిన కాలువలు తవ్వితే తిరిగిపోయే త్రోవ ఏర్పడుతుంది. వేసవిలో కొన్ని మడుగులను వేట లేకుండా విడిచిపెడితే మరుసటి ఏటికి తల్లిచేపలు మిగులుతాయి. బంగ్లాదేశ్‌లోని హాయిల్ హావోర్ అనే విశాలమైన పల్లంలో స్థానికులు 2003లో సుమారు 100 హెక్టార్ల బాయిక్కా మడుగును ఈ విధంగానే వేటకు దూరంగా ఉంచారు. దాని ఫలం చుట్టుప్రక్కల జాలరుల వలలలో కనిపించింది.

మన చెరువులకూ ఇదే న్యాయం వర్తిస్తుంది. తొలకరి జల్లులకు మత్తడి దూకే నీటికి చేపలు ఎదురెక్కుతూ ఉంటే వలలతో, బుట్టలతో జనం గుమిగూడడం తెలంగాణ పల్లెలలో పరిపాటి. ఆ దినాలలో పట్టుబడిన తల్లిచేప కడుపులో లక్షల గ్రుడ్లుంటాయి. అనేక రాష్ట్రాలు వానాకాలపు తొలి మాసాలలో వేటను నిషేధించింది అందుకే. ఆ కొద్ది వారాలు వల ఆగితే, నీరు తీసిన నాడు అదే జాలరికి పంట చేతికి వస్తుంది.