కుండీలో పసుపు గులాబి

పట్టణములలో ఇంటికి పెరడుండుట అరుదు. ఉన్నను నాలుగు గజముల నేల, లేదా మేడమీద కొంత జాగా. అట్టి చోటికి పొట్టి గులాబి అనువైనది. కాలిఫోర్నియాలో రాల్ఫ్ మూర్ 1977లో వెలువరించిన ‘రైజ్ ఎన్ షైన్’ అను పసుపు రకము సాధారణముగ మోకాలెత్తు మించదు. 12 అంగుళముల కుండీ దానికి చాలును.

అయితే పసుపు గులాబితో ఒక చిక్కున్నది. వానలు పడగనే ఆకులపై నల్లమచ్చలు పుట్టి, వాటి చుట్టును పసుపుబారి, ఆకులు రాలిపోవును. మొక్క మోడై నిలుచును. కారణము దాని వంశములోనే ఉన్నది. పూర్వము తోటలలో పలుమార్లు పూచు గులాబులకు ముదురు పసుపురంగు లేదు. ఫ్రాన్సులోని లియాన్‌లో పెర్నె డ్యూషే ఏండ్ల తరబడి ‘పర్షియన్ ఎల్లో’తో సంకరము చేసి, 1900లో ‘సొలేయ్ దోర్’ను, అనగా ‘బంగారు సూర్యుని’, లోకమునకిచ్చెను. రంగుతోబాటు నల్లమచ్చ తెగులునకు లొంగు గుణమును దాని సంతతికి సంక్రమించినది.

ఈ తెగులు ఒక శిలీంధ్రము వలన కలుగును. దాని సిద్ధబీజములు మొలకెత్తి ఆకులోనికి చొచ్చుటకు ఆకు సుమారు 7 గంటలు తడిగా ఉండవలెను. కీలకమంతయు ఇక్కడనే ఉన్నది. కావున నీరు ఉదయముననే, మొదట మాత్రమే పోయవలెను. సాయంకాలము ఆకులపై నీరు చిలకరించుట చూచుటకు ముచ్చటే గాని, రాత్రియంతయు ఆకు ఆరదు. కుండీలను ఒకదానికొకటి తగులనీయక గాలి ఆడనీయవలెను. రాలిన ఆకులను వెంటనే ఏరివేయవలెను.

వేసవి ఎండకు రేకులు వెలిసి తెల్లబారును. అది తెగులు కాదు. మధ్యాహ్నము కొంత నీడ కల్పించిన చాలును.