మీకు తెలుసా? డేసియా కొండల్లో రోమన్ల కాపలా

రోమన్ల సరిహద్దు అనగానే బ్రిటన్‌లోని హేడ్రియన్ గోడ గుర్తొస్తుంది. దానికి ఎన్నో రెట్ల పొడవైన సరిహద్దు నేటి రొమేనియాలో, అంటే ఒకప్పటి డేసియాలో ఉండేది. 1,000 కిలోమీటర్లకు పైమాటే! రెండు యుద్ధాలు చేసి, క్రీ.శ. 106లో ట్రాజన్ చక్రవర్తి ఈ కొండ రాజ్యాన్ని గెలిచాడు.

• ఇంత పొడవునా గోడ కట్టలేదు. చాలాచోట్ల కార్పేతియన్ కొండలే గోడ. కనుమల దగ్గర కోటలు, ఎత్తుల మీద కావలి బురుజులు. వాయవ్యాన ఉన్న పొరొలిస్సుమ్ కోట అలా ఒక కనుమను కాసింది.

• ఆ కాలపు బురుజు రూపం రోమ్‌లోని ట్రాజన్ స్తంభం మీద ఉంది. కింది చుట్టులోనే డాన్యూబ్ ఒడ్డు బురుజులు కనిపిస్తాయి. చుట్టూ కర్రల దడి, పై అంతస్తు నుంచి బయటికి చాచిన కాగడా, దగ్గర్లో గడ్డివాములు, దుంగల పేర్పు.

• దండు దాటడానికి అపొల్లోడోరస్ అనే శిల్పి డాన్యూబ్ మీద 20 రాతి స్తంభాలతో, కిలోమీటరుకు పైగా పొడవైన వంతెన కట్టాడు. అదే దారిన శత్రువులు వస్తారేమోనన్న భయంతో తర్వాతి చక్రవర్తి హేడ్రియన్ పైభాగం తీయించేశాడని చరిత్రకారుడు డియో రాశాడు.

• అన్నిటికన్నా నా మనసును పట్టేసేది కాపలా మనుషుల కథ. పొరొలిస్సుమ్‌లో కాపలా ఉన్నది బ్రిటన్ పేరుతో ఉన్న దళం, సిరియా ఎడారి నగరం పాల్మైరా విలుకాళ్లు. మరి డేసియా యువకులు? వాళ్ల దళం బ్రిటన్‌లో హేడ్రియన్ గోడ మీద, నేటి బర్డోస్వాల్డ్ కోటలో ఉండేది. అక్కడి ఒక శాసనం పక్కన కొడవలిలా వంగిన డేసియా కత్తిని చెక్కారు. ఒక పసివాడి సమాధి రాయి మీదున్న పేరు డెసెబాలస్. రోమన్లతో పోరాడి ఓడి, చిక్కకుండా ప్రాణం తీసుకున్న డేసియా రాజు పేరది! రోమన్ కోటలోనే బిడ్డకు ఆ పేరు పెట్టుకున్నారంటే, సొంత ఊరిని వాళ్లు ఎంతగా గుండెల్లో దాచుకున్నారో!

• డేసియా గెలిచి ట్రాజన్ రోమ్ చేరాక, అభినందించడానికి వచ్చిన రాయబారుల్లో భారతీయులూ ఉన్నారు. ఇదీ డియో రాసిందే.

• క్రీ.శ. 271 ప్రాంతంలో ఆరేలియన్ చక్రవర్తి డేసియా నుంచి సైన్యాన్ని డాన్యూబ్ దక్షిణానికి రప్పించాడు. ఈ సరిహద్దుకు ప్రపంచ వారసత్వ హోదా దక్కింది 2024 జులైలో. ఆ నిర్ణయం జరిగిన యునెస్కో సమావేశానికి వేదిక మన ఢిల్లీయే.