హీట్‌సింక్ మార్చాక పీసీ ఆన్ కావట్లేదా? ప్రాసెసర్ పోయిందని డిసైడ్ అయ్యే ముందు ఇవి చూడండి!

విశాఖపట్నం: పక్కనే సముద్రం.. గాలిలో తేమ. పోర్టు చుట్టుపక్కల వన్ టౌన్ లాంటి ప్రాంతాల్లో బొగ్గు, ఇనుప ఖనిజం ధూళి గురించి చెప్పక్కర్లేదు. ఈ దుమ్మంతా కంప్యూటర్‌లోకి చేరి హీట్‌సింక్ రెక్కల మధ్య పేరుకుపోతుంది. ఫ్యాన్ సౌండ్ పెరుగుతుంది, పీసీ స్లో అవుతుంది. దీంతో చాలామంది ఇంట్లోనే పాతది తీసి కొత్త హీట్‌సింక్ బిగిస్తారు. తీరా పవర్ బటన్ నొక్కితే స్క్రీన్ మీద ఏమీ రాదు!

వెంటనే "ప్రాసెసర్ కాలిపోయింది" అనుకుని వేలకు వేలు పెట్టి కొత్తది కొనేయకండి. ఇప్పటి ప్రాసెసర్లు అంత తేలిగ్గా కాలిపోవు. చాలా మోడళ్లలో వేడి 95 నుంచి 100 డిగ్రీలకు చేరగానే అవే వేగం తగ్గించుకుంటాయి. ఇంకా పెరిగితే సిస్టమ్ దానంతటదే ఆగిపోతుంది. కాబట్టి చాలాసార్లు తప్పు బిగింపులోనే ఉంటుంది.

ముందుగా ప్లగ్ పీకేసి, పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి. ఆ తర్వాతే లోపల చెయ్యి పెట్టాలి.

ఫ్యాన్లు తిరుగుతున్నా డిస్‌ప్లే రావట్లేదా?

ప్రాసెసర్ పక్కన ఉండే 4 లేదా 8 పిన్నుల పవర్ కేబుల్ చూడండి. హీట్‌సింక్ బిగించడానికి దాన్ని తీసి, మళ్లీ పెట్టడం మర్చిపోవడం మామూలే. పని చేసేటప్పుడు చెయ్యి తగిలి ర్యామ్ కూడా కదిలి ఉండొచ్చు. తీసి మళ్లీ గట్టిగా నొక్కండి. ఒక్క ర్యామ్ స్టిక్‌తోనే ట్రై చేయండి. కొన్ని మదర్‌బోర్డుల మీద సీపీయూ, డీర్యామ్ అని రాసిన చిన్న లైట్లు ఉంటాయి. ఏది వెలిగి అలాగే ఉండిపోతే సమస్య అటువైపే ఉన్నట్టు.

ఆన్ అయి వెంటనే ఆగిపోతోందా?

ఇది ఎక్కువగా వేడి సమస్యే. కొత్త హీట్‌సింక్ అడుగున ప్లాస్టిక్ ఫిల్మ్ తీశారా? పాత పేస్ట్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, బఠానీ గింజంత కొత్త పేస్ట్ వేశారా? నాలుగు మూలలూ సమానంగా దిగాయా? స్క్రూలను ఒక మూల, తర్వాత దానికి ఎదురు మూల చొప్పున కొంచెం కొంచెంగా బిగించాలి. అలాగని మరీ బిగిస్తే సాకెట్‌పై ఒత్తిడి పడి ర్యామ్ స్లాట్లు పని చేయకపోవచ్చు. ఫ్యాన్ వైరు సీపీయూ ఫ్యాన్ అని రాసి ఉన్న చోటే పెట్టాలి. లేదంటే ఫ్యాన్ ఎర్రర్ చూపించి బూట్ ఆగిపోవచ్చు.

అసలు ప్రమాదం పిన్నులతోనే!

ఏఎండీ ఏఎం4 ప్రాసెసర్లకు పిన్నులు ప్రాసెసర్ అడుగునే ఉంటాయి. పేస్ట్ ఎండిపోయి ఉంటే, హీట్‌సింక్ లాగినప్పుడు దాంతోపాటే ప్రాసెసర్ కూడా ఊడి రావచ్చు. అప్పుడు పిన్నులు వంగిపోవచ్చు. అందుకే తీసే ముందు పీసీని కాసేపు నడిపి, పేస్ట్ మెత్తబడ్డాక ఆఫ్ చేసి ప్లగ్ తీయాలి. హీట్‌సింక్‌ను నేరుగా పైకి లాగకుండా మెల్లగా అటూ ఇటూ తిప్పుతూ తీయాలి. ఇటీవలి ఇంటెల్ మోడళ్లు, ఏఎండీ ఏఎం5లలో పిన్నులు మదర్‌బోర్డు సాకెట్‌లో ఉంటాయి. వాటిని వేలితో అస్సలు ముట్టుకోవద్దు.

ఇవన్నీ సరిగానే ఉంటే బ్యాటరీ తీసి బయోస్ రీసెట్ చేయండి. అప్పటికీ రాకపోతే, మీ ప్రాసెసర్‌ను దానికి సపోర్ట్ ఉన్న మరో బోర్డులో పెట్టి చూడమని షాపులో అడగండి. అక్కడ పని చేస్తే లోపం ప్రాసెసర్‌ది కాదు. పని చేయకపోతేనే ప్రాసెసర్ పోయినట్టు.

ఫొటోలు, ప్రాజెక్టు ఫైళ్లు పోయాయేమోనని కంగారు పడొద్దు. ప్రాసెసర్ పోయినా హార్డ్ డిస్క్, ఎస్‌ఎస్‌డీలోని డేటా అలాగే ఉంటుంది. అయితే ఒక్క జాగ్రత్త.. ప్రాసెసర్ లేదా బోర్డు మార్చాక విండోస్ బిట్‌లాకర్ 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. అది మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో సేవ్ అయి ఉందో లేదో, రిపేర్‌కు ఇచ్చే ముందే ఫోన్‌లో చెక్ చేసుకోండి.