పిడులున్న, పిడులు లేని వంటింటి అలమరలు

వంటింటి గట్టు కింద, గట్టుపైన గోడకు అమర్చే తలుపుల పెట్టెలను, సొరుగులను వంటింటి అలమరలు అంటారు. వాడుకలో వీటిని కప్‌బోర్డులు అని, ముందుగానే కొలతల ప్రకారం తయారుచేసి తెచ్చి బిగించే వాటిని మాడ్యులర్ కిచెన్ అని వ్యవహరిస్తున్నారు. తెరవడానికి తలుపుపై బయటకు కనిపించే పట్టు ఉంటే అవి పిడులున్న అలమరలు. అటువంటి పట్టు లేకుండా తలుపు అంచున ఉండే గాడి ద్వారా గానీ, లోపల అమర్చిన అల్యూమినియం పట్టీ ద్వారా గానీ, తలుపును వేలితో నొక్కడం ద్వారా గానీ తెరుచుకునేవి పిడులు లేని అలమరలు. ఈ రెండింటిలో ఏది మంచిదన్నది పైకి అందానికి సంబంధించిన ప్రశ్నగా కనిపిస్తుంది. నిజానికి అది వంట చేసేవారి చేతికి, వంటింటి వెడల్పుకు, శుభ్రపరచే పద్ధతికి సంబంధించినది. పైగా పిడి నచ్చకపోతే తరువాత మార్చుకోవచ్చును. పిడి లేని అమరికను మాత్రం చాలావరకు పెట్టెలు కోయకముందే నిర్ణయించుకోవలసి ఉంటుంది.

చరిత్ర

పూర్వం తెలుగువారి వంటిళ్ళలో గోడగూళ్ళు, ఉట్టి, అటక, కుండల దొంతర ఇవే సామాను దాచే ఏర్పాట్లు. తలుపులున్న చెక్క అలమర గానీ, బోషాణం గానీ ఉంటే వాటికి ఇనుప లేక ఇత్తడి ఉంగరం, గొళ్ళెం ఉండేవి. నిలబడి వండే గట్టు వచ్చిన తరువాత దాని కింద ఖాళీస్థలం ఏర్పడింది. ఆ స్థలానికి మొదట రాతి బండలతో అరలు, తరువాత చెక్క తలుపులు అమర్చుకోవడం అలవాటయింది.

ఐరోపాలో ఆధునిక వంటింటికి మూలంగా చెప్పబడే ఫ్రాంక్‌ఫర్ట్ వంటగదిని 1926లో ఆస్ట్రియా దేశపు వాస్తుశిల్పి మార్గరెటె షుట్టె-లిహోట్స్కీ రూపొందించారు. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో సామాన్యుల కోసం కట్టిన సుమారు 10,000 ఇళ్ళలో దీనిని అమర్చారు. పప్పులు, పిండి వంటివి పోసుకోవడానికి ఇందులో పిడి, మూతి గల చిన్న అల్యూమినియం సొరుగులు ఉండేవి. సొరుగును బయటకు లాగి, అదే పిడి పట్టుకొని నేరుగా గిన్నెలోకి వంపుకొనేవారు. అనగా ఇక్కడ పిడి అలంకారం కాదు, పనిముట్టు. పిడులు లేని వంటిల్లు తరువాత వచ్చింది. జర్మనీకి చెందిన సీమాటిక్ సంస్థ 1960లో విడుదల చేసిన 6006 అనే నమూనా ఈ కోవలో మొదటిదిగా ప్రసిద్ధి పొందింది.

కాటేదాన్ పరిసరాలు

కాటేదాన్ రంగారెడ్డి జిల్లా రాజేంద్రనగర్ మండలంలోని పారిశ్రామిక ప్రాంతం. ఇది హైదరాబాదు నుండి ఆరాంఘర్ మీదుగా శంషాబాదు వైపు వెళ్ళే బెంగుళూరు రహదారికి చేరువలో ఉంది. 2007లో రాజేంద్రనగర్ పురపాలక సంఘం గ్రేటర్ హైదరాబాదు నగరపాలక సంస్థలో కలిసింది. 2008 మార్చి 23న శంషాబాదులోని రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం పని ప్రారంభించింది. 2009 అక్టోబరు 19న మెహదీపట్నం నుండి ఆరాంఘర్ వరకు పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే ప్రారంభమైంది. ఆ తరువాత ఈ మార్గంలో నివాసాలు, అపార్టుమెంట్లు పెరిగాయి.

ఇటువంటి ప్రాంతంలో అలమరలు ఎంచుకొనేవారు రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. ఒకటి దుమ్ము. కర్మాగారాలు, లారీల రాకపోకలు ఉన్నచోట పైకి తెరిచి ఉన్న ప్రతి గాడిలోనూ దుమ్ము చేరుతుంది. దానికి పోపు ఆవిరిలోని నూనె తోడైతే జిడ్డుమట్టిగా మారుతుంది. రెండవది నీరు. బోరునీరు కఠినజలమైతే, తడి చేతులతో పట్టుకొనే మెరుపు పిడులపై తెల్లని మరకలు కడుతుంది. ఒక చిక్కు పిడి లేని అలమరకు, మరొకటి పిడి ఉన్న అలమరకు సంబంధించినది.

పిడులలో రకాలు

* గుబ్బ: ఒకే మరతో బిగించే గుండ్రని పట్టు. చవకైనది. వాడగా వాడగా వదులై తిరుగుతుంది. దీనిని వేళ్ళ కొనలతో పట్టుకోవాలి కాబట్టి బరువైన సొరుగులకు పనికిరాదు.
* కడ్డీ పిడి: రెండు మరలతో బిగించేది. మరల మధ్య దూరం సాధారణంగా 96, 128, 160, 192 మి.మీ. ఉంటుంది. ఇవన్నీ 32 యొక్క గుణిజాలు. పాత పిడి తీసి కొత్తది కొనేటప్పుడు ఈ దూరం కొలిచి తీసుకువెళితే తలుపుకు కొత్త రంధ్రాలు వేయవలసిన పని ఉండదు.
* గిన్నె పిడి: బోర్లించిన సగం గిన్నె ఆకారంలో ఉంటుంది. సొరుగులకు అనువైనది. లోపలి వైపు చేరే జిడ్డు కంటికి కనిపించదు.
* అంచు పిడి: తలుపు అంచుకు వెనుకనుండి బిగించే సన్నని అల్యూమినియం రేకు. దూరం నుండి పిడి లేనట్లే కనిపిస్తుంది. అవసరమైతే తీసివేయవచ్చును.

పిడులు లేని వాటిలో రకాలు

* గాడి తలుపు: తలుపు అంచునే లోపలికి చెక్కి వేళ్ళు దూరేలా చేస్తారు. అడ్డుకోత జె అనే ఆంగ్ల అక్షరం వలె ఉంటుంది. ఇందుకు ఎక్కువగా ఎం.డి.ఎఫ్. పలకలు వాడతారు. గాడిలోని పూత లేచిపోతే ఆ చోట తడి పీల్చుకొని పలక ఉబ్బుతుంది.
* గోలా పట్టీ: తలుపు వెనుక, పెట్టెకు అడ్డంగా అల్యూమినియం పట్టీ అమర్చుతారు. తలుపు పై అంచుకు, పట్టీకి మధ్య ఉన్న సందులో వేళ్ళు పెట్టి లాగాలి. పట్టీ కూర్చోవడానికి పెట్టె పక్కపలకలను ముందే కోయాలి. ఒక్కొక్క పట్టీ కొన్ని సెంటీమీటర్ల ఎత్తును తీసుకుంటుంది కాబట్టి సొరుగుల లోతు ఆ మేరకు తగ్గుతుంది.
* నొక్కుడు తలుపు: లోపల స్ప్రింగు గల చిన్న పరికరం ఉంటుంది. తలుపును నొక్కితే అది ముందుకు నెట్టబడుతుంది. నొక్కడానికి వీలుగా తలుపుకు, పెట్టెకు మధ్య సన్నని సందు వదలాలి. మెత్తగా మూసుకొనే ఏర్పాటు కూడా కావాలంటే రెండూ కలిసి పనిచేసేలా తయారైన ప్రత్యేక పరికరాలు కొనాలి.

ఎంపికలో చూడవలసిన అంశాలు

చేయి: తెలుగువారి వంటలో చేయి పొడిగా ఉండే సమయం తక్కువ. చింతపండు పిసుకుతూ, పిండి కలుపుతూ, కూరలో పసుపు వేస్తూ మధ్యలో డబ్బా కోసం అలమర తెరవవలసి వస్తుంది. పిడి ఉంటే మరక పిడికే అంటుతుంది, దానిని తుడిస్తే సరిపోతుంది. నొక్కుడు తలుపుకైతే మరక తలుపుమీదనే పడుతుంది. లేత రంగు, మెరుపు లేని లామినేట్‌పై పసుపు మరక స్పష్టంగా కనిపిస్తుంది. గాడిలో, గోలా పట్టీలో పోపుగింజలు, పిండి, బెల్లపు పొడి పడతాయి. వాటిని రోజూ తుడవకపోతే చీమలు, బొద్దింకలు చేరతాయి. తుడిచే అలవాటు ఉన్న ఇంటిలో గోలా పట్టీ చాలా శుభ్రంగా ఉంటుంది, ఎందుకంటే దానికి మరలు, మూలలు తక్కువ.

వయస్సు: కీళ్ళవాతం ఉన్నవారికి వేళ్ళ కొనలతో లాగడం కష్టం. అమెరికాలో వికలాంగుల సౌకర్యార్థం 2010లో వెలువడిన ప్రమాణాల ప్రకారం పట్టుకొని వాడే భాగాలు ఒక చేతితో, గట్టిగా బిగించి పట్టుకోకుండా, చిటికెతో లాగకుండా, మణికట్టు తిప్పకుండా పనిచేయాలి. అందుకు 5 పౌండ్లకు (22.2 న్యూటన్లకు) మించిన బలం అవసరం కాకూడదు. ఈ కొలమానంతో చూస్తే నాలుగు వేళ్ళూ దూరే కడ్డీ పిడి అన్నిటికంటే అనుకూలమైనది. గుబ్బ, ఇరుకైన గాడి అంత అనుకూలం కావు. నొక్కుడు తలుపుకు పట్టు అవసరం లేదు గానీ, వంగి నొక్కవలసిన కింది సొరుగులకు వృద్ధులు ఇబ్బంది పడవచ్చును.

వెడల్పు: ఒకరు వండే వంటింటిలో పనిచేసే దారి కనీసం 42 అంగుళాలు, అనగా 1067 మి.మీ. ఉండాలని అమెరికాలోని జాతీయ వంటగది, స్నానగది సంఘం సూచిస్తుంది. 7 అడుగుల (2134 మి.మీ.) వెడల్పు గల వంటింటిలో రెండు వైపులా 600 మి.మీ. గట్లు కడితే మిగిలే దారి 934 మి.మీ. మాత్రమే. గట్టురాయి, తలుపులు ఒకే వరుసలో ఉండి, రెండు వైపులా 35 మి.మీ. ముందుకు వచ్చే పిడులు బిగిస్తే అందులోనూ 70 మి.మీ. పోతుంది. గట్టురాయి తలుపులకంటే 20 మి.మీ. ముందుకు ఉంటే పోయేది 30 మి.మీ. మాత్రమే. కావున పిడి ఎంత ముందుకు వస్తుందో చూసే ముందు గట్టురాయి ఎంత ముందుకు ఉన్నదో కొలవాలి. ఇరుకైన వంటింటికి పిడి లేని అమరిక నిజంగా మేలు చేస్తుంది.

భద్రత: రెండు కొనలూ బయటకు పొడుచుకు వచ్చిన కడ్డీ పిడికి చీర కొంగు, చున్నీ తగులుకుంటాయి. పొయ్యి దగ్గర ఇది ప్రమాదకరం. కొనలు తలుపువైపు వంగి కలిసిపోయే పిడులు ఎంచుకుంటే ఈ బెడద ఉండదు. నడక నేర్చే పిల్లలకు కింది పిడులు తలకు తగిలే ఎత్తులో ఉంటాయి. నొక్కుడు తలుపులను మాత్రం ఆ పిల్లలే సులభంగా తెరవగలరు. కత్తులు, ఫినాయిలు ఉంచే అరలకు వాటిని వాడరాదు.

మూలలు: రెండు గట్లు కలిసే మూలలో ఒక సొరుగు పిడి రెండవ వైపు తలుపుకు తగిలి అది పూర్తిగా తెరుచుకోకపోవచ్చును. పిడి ముందుకు వచ్చేంత మేర మూలలో ఖాళీ పట్టీ వదలమని వడ్రంగికి ముందే చెప్పాలి.

మరమ్మతు: పిడి విరిగితే హార్డ్‌వేర్ దుకాణంలో కొని స్క్రూడ్రైవర్‌తో బిగించుకోవచ్చును. నొక్కుడు పరికరం అరిగితే అదే రకం వెతకాలి. తలుపు కొద్దిగా కుంగినా సందు తగ్గి అది పనిచేయదు. గోలా పట్టీ చెడిపోవడం అరుదు. కానీ దానిని వద్దనుకుంటే తలుపులే కాక పెట్టెలు కూడా మార్చవలసి రావచ్చును. అద్దెకిచ్చే ఇంటికి పిడులే క్షేమం.

మధ్యేమార్గం

వంటింటి మొత్తానికి ఒకే పద్ధతి ఉండాలన్న నియమం లేదు. గట్టు కింది బరువైన సొరుగులకు కడ్డీ పిడులు పెట్టి, పై అలమరల తలుపులను పెట్టెకంటే సుమారు 20 మి.మీ. కిందికి దించితే, ఆ అంచునే పట్టుకొని తెరవవచ్చును. దీనికి ప్రత్యేకమైన పట్టీ గానీ, పరికరం గానీ అవసరం లేదు. తలకు తగిలే ఎత్తులో పిడులూ ఉండవు. అంచు పిడి కూడా ఇటువంటి రాజీయే.

ఏ పద్ధతి అయినా పెట్టె మన్నికే ముఖ్యం. తొట్టి కింది పెట్టెకు ఐఎస్ 710 గుర్తు గల నీటికి తట్టుకొనే ప్లైవుడ్ వాడడం మంచిది. ఖర్చు పరిమితమైనప్పుడు పిడి లేని అమరికకు పెట్టే అదనపు సొమ్మును ప్లైవుడ్, బందులు, సొరుగు ఛానళ్ళపై పెడితే ఎక్కువ కాలం ఉపయోగపడుతుంది.

నిర్ణయించే ముందు

దుకాణంలో నమూనా అలమరను పొడి చేతితో తెరిచి చూడడం అందరూ చేసే పని. దానికి బదులు వేళ్ళకు రెండు చుక్కల నూనె రాసుకొని తెరిచి చూడాలి. పది కిలోల బియ్యం సంచి పెట్టిన సొరుగును లాగి చూడాలి. ఇంటిలో రోజూ వండేవారిని, అందరికంటే పెద్దవయసు వారిని వెంట తీసుకువెళ్ళి వారిచేతనే పదిసార్లు తెరిపించి, మూయించాలి. అలమరకు సొమ్ము చెల్లించేవారు ఒకరు, రోజుకు ఎన్నోసార్లు దానిని తెరిచేవారు మరొకరు కావడం మన ఇళ్ళలో సాధారణం. అటువంటప్పుడు తెరిచేవారి చేతికి ఏది సులువో అదే సరైన ఎంపిక.