ప్రకటన పటములు – పల్లెసీమల భూజలములు



ప్రకటన లేనిదే లోకవ్యవహారము సాగదు. సంత ఎన్నడు జరుగునో, విత్తనములెచ్చట దొరకునో, జాతర ఏ తిథినాడు వచ్చునో పదిమందికి తెలియవలసినదే. పూర్వమీపని చాటింపుతో జరిగెడిది. డప్పు మ్రోగించి నాలుగు వీథుల కూడలిలో వార్త చెప్పినంతనే ఊరికంతకును తెలిసెడిది. చెప్పిన మాట గాలిలో కలిసిపోయెడిది. నేలపై దాని ఆనవాలైనను మిగిలెడిది కాదు. తరువాత గోడలపై సున్నముతోను జాజుతోను వ్రాతలు వచ్చినవి. నూలుగుడ్డపై కుంచెతో వ్రాసిన పటములు వచ్చినవి. అవి ఎండకు వెలిసి, వానకు నాని, కొలదికాలమునకు మన్నైపోయెడివి. గడచిన ఇరువదియేండ్లలో వీని స్థానమును ఫ్లెక్సు ఆక్రమించినది. దీని రంగు వెలిసినను ఒడలు చివుకదు. ఈ చివుకని పటము మన నేలకు, నీటికి ఏమి చేయుచున్నదో, దానిని తగ్గించుటకు పెద్దలైన మీరు ఏమి చేయగలరో ఈ ప్రసంగమున మనవి చేసెదను.

కామారెడ్డి జిల్లాలోని బాన్సువాడను, దాని చుట్టుపట్ల పల్లెలను దృష్టిలో నుంచుకొని మాటలాడుదము. ఇది నిజాంసాగరపు కాలువ క్రింది సీమ. మంజీరానదిపై 1923లో ఆరంభమై 1931లో పూర్తియైన ఆ జలాశయపు నీరు ప్రధాన కాలువ నుండి ఉపకాలువలకు, వానినుండి పంటకాలువలకు, అందుండి వరిమడులకు ప్రవహించును. ఇట్టి సీమలో బాటప్రక్క పడిన వస్తువు బాటప్రక్కనే యుండదు. గాలి దానిని కాలువలోనికి త్రోయును. కాలువ దానిని మడిలోనికి చేర్చును. కావున వీథిలో నిలిపిన పటము వీథికి మాత్రమే సంబంధించిన విషయము కాదు. అది సేద్యమునకు సంబంధించిన విషయము.

ఫ్లెక్సనగా నేమి? పాలియెస్టరు దారములతో నేసిన పలుచని వలకు ఇరుప్రక్కల పాలీవినైల్ క్లోరైడను ప్లాస్టిక్కును అతికించినచో నది ఫ్లెక్సగును. ఈ ప్లాస్టిక్కు అసలు పదార్థమున, బరువులో నూటికి 57 పాళ్లు క్లోరినే. స్వభావముచే గట్టిదైన దీనిని మెత్తపరచుటకు నూనెలవంటి ద్రవ్యములు కలుపుదురు. ఎండకు చెడకుండుటకు వేరు ద్రవ్యములు కలుపుదురు. కొన్నిరకములలో సీసము కూడ చేరును. దారమును ప్లాస్టిక్కును ఒకదానినుండి యొకటి విడదీయుట మిక్కిలి కష్టము. అందుచేత పాతసీసాలను, బిందెలను కరగించి మరల వాడినట్లు దీనిని వాడుకొనుట సులభము కాదు.

దీని పరిమాణమును లెక్కవేసి చూతము. ఇరువది అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు గల పటము 200 చదరపు అడుగులు, అనగా సుమారు పదునెనిమిదిన్నర చదరపు మీటర్లు. సాధారణపు ఫ్లెక్సు చదరపు మీటరుకు 300 గ్రాముల మేర తూగును. కావున ఒక్క పటము ఐదున్నర కిలోలగును. అంగడిలో ఇచ్చెడి పలుచని ప్లాస్టిక్కు సంచి ఐదారు గ్రాములకు మించదు. సంచి వలదని ఇంటి ఆడువారికి బుద్ధి చెప్పి, వీథిలో నొక పటము నిలిపినచో, వేయి సంచులను ఒక్కసారిగా వీథిలో పోసినట్లే యగును. ఒక గ్రామమున పుట్టినదినములకు, పెండ్లిండ్లకు, వినాయకచవితికి, బతుకమ్మకు, నాయకుల రాకకు, పరమపదించినవారికి శ్రద్ధాంజలికి కలిపి ఏటికి ఏబది పటములు లేచినవనుకొందము. అది ఇన్నూటడెబ్బది కిలోలకు పైమాట. వాని ఉపయోగమో, ఒకటి రెండు దినములు మాత్రమే.

ఉపయోగము తీరిన పిమ్మట అవి ఎచ్చటికి పోవును? కొన్ని కాలువపాలగును. ఇచ్చట నొక విశేషమును గమనింపవలెను. పాలిథీను సంచి నీటికంటె తేలిక. అది పైకి తేలి కంటబడును. ఫ్లెక్సు నీటికంటె బరువు. అది అడుగున మునుగును. కంటికి కానరాదు గనుక ఎవరును తీయరు. తూము ముఖమున చుట్టుకొని, ఒండ్రు పట్టి, నీటిని నిలిపివేయును. కాలువ చివరి రైతు నీరు రాలేదని పైవానిని నిందించును. అడ్డమై యున్నది గత సంవత్సరపు శుభాకాంక్షల పటమని ఎవరికి తెలియును?

కొన్ని నిప్పుపాలగును. శీతకాలమున చలిమంటలలో, చెత్తకుప్పలలో ఫ్లెక్సు ముక్కలు వేయుట కలదు. ఇది అన్నిటికంటె హానికరము. పాలీవినైల్ క్లోరైడు కాలినపుడు హైడ్రోజన్ క్లోరైడను ఘాటైన వాయువు వెలువడును. అది తేమతో కలిసి ఆమ్లమై కన్నులను, గొంతును, ఊపిరితిత్తులను దహించును. అంతకంటె భయంకరమైనవి డయాక్సినులను విషములు. ఇవి పొగతోపాటు గడ్డిపై పడి, ఆ గడ్డి మేసిన పశువుల క్రొవ్వునను, పాలయందును నిలిచి, పాలు త్రాగిన పిల్లలకు చేరును. శరీరమునుండి అవి తొలగుటకు సంవత్సరములు పట్టును. ఈ విషములను తగ్గింపవలెనని 2001లో స్టాక్‌హోమ్ నగరమున లోకరాజ్యములు ఒడంబడిక చేసికొన్నవి. 2006లో మన దేశమును దానిని ఆమోదించినది. ఆ ఒడంబడికను చదువని ఇల్లాలైనను ఒక్కమాట గుర్తుంచుకొనిన చాలును: ఫ్లెక్సును పొయ్యిలో పెట్టరాదు, చలిమంటలో వేయరాదు.

మరికొన్నింటిని రైతులు తెచ్చుకొని గడ్డివాములపైన, గుడిసెలపైన కప్పుకొందురు. కొత్తది కొనుట తప్పినది గనుక ఇది కొంతవరకు మేలే. అయినను రెండు జాగ్రత్తలు వలయును. ఎండలో నిలిచిన ఫ్లెక్సు కొన్ని ఏండ్లకు పెళుసెక్కి పొరలు పొరలుగా రాలును. ఆ పొడి మట్టిలో కలిసినపిమ్మట ఏరి తీయుట మనుష్యుని వశము కాదు. కావున పెళుసెక్కక ముందే దించి, తడిచెత్తతో కలుపక, పొడిచెత్త బండికి అప్పగింపవలెను. రెండవది, రంగు ముద్రించిన ప్రక్కపై ధాన్యమునుగాని, పశువుల దాణానుగాని ఆరబోయరాదు.

పటము వలన చెట్లకు కలుగు బాధ వేరు. మీ వీథిలోని వేపచెట్టును, రావిచెట్టును చూడుడు. మేకులెన్ని కలవో లెక్కింపుడు. చెట్టుకు ప్రాణమంతయు బెరడు క్రింది పలుచని పొరలో నున్నది. ఆకులు వండిన ఆహారము ఆ మార్గముననే వేళ్లకు దిగును. మేకు కొట్టినచోట ఆ పొర చచ్చును. ఆ గాయమున శిలీంధ్రములు ప్రవేశించి లోపలి కట్టెను పుచ్చును. ఇనుపతీగను మ్రానుచుట్టు బిగించి మరచినచో, చెట్టు లావెక్కినకొలది ఆ తీగ లోనికి దిగి, ఉరిత్రాడువలె ఆహారమార్గమును కోసివేయును. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము 2018లో వచ్చినది. నాటిన మొక్కలలో నూటికి 85 బ్రతుకవలెనని అది ఆదేశించుచున్నది. మొక్కను బ్రతికించు బాధ్యతను ఒకచేత మోయుచు, ఎదిగిన చెట్టుకు మరియొకచేత మేకు కొట్టుట ఏపాటి ధర్మము?

మనుష్యప్రాణములకును వీనివలన అపాయము కలదు. 2019 సెప్టెంబరులో చెన్నపట్టణమున బాట మధ్య కట్టిన పటమొకటి ఊడి, ద్విచక్రవాహనముపై పోవుచున్న యువతిమీద పడగా, ఆమె లారీ క్రిందపడి మరణించినది. 2024 మే 13వ తేదీన ముంబయిలోని ఘాట్కోపరున 120 అడుగుల ఎత్తు, అంతే వెడల్పు గల ప్రకటన ఫలకము గాలివానకు కూలి 17 మందిని బలిగొన్నది. మన కూడలులలో సర్వికట్టెలకు కట్టిన పటములు అంతటివి కాకపోవచ్చును. కాని చైత్రవైశాఖముల ఈదురుగాలికి చిన్న పెద్ద భేదము లేదు.

ప్రభుత్వములు ఊరకున్నవా? ఊరకుండలేదు. కేరళరాష్ట్రము 2019లో ఫ్లెక్సును నిషేధించినది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2022 ఆగస్టు 26వ తేదీన విశాఖపట్టణమున ఇట్టి నిషేధమునే ప్రకటించి, గుడ్డపటములకు మరలుడని కోరినది. మొదట నవంబరు 1 అని నిర్ణయించిన గడువును తరువాత 2023 జనవరి 26కు పొడిగించినది. దేశమంతటికిని వర్తించు నియమమొకటి 2022 జూలై 1 నుండి అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము 100 మైక్రానులకంటె పలుచనైన ప్లాస్టిక్కు పటములు నిషిద్ధములు. మైక్రాననగా మిల్లీమీటరులో వెయ్యవవంతు. అయితే సాధారణపు ఫ్లెక్సు అంతకు సుమారు రెండింతల మందముండును! పలుచనిది తప్పు, మందమైనది ఒప్పు అని ఆ నియమమున కభిప్రాయము కాకపోయినను, ఆచరణలో మన వీథులలోని పటములు దాని వల నుండి జారిపోవుచున్నవి.

చట్టము చేరనిచోటికి మర్యాద చేరవలెను. దీనికి దూరదేశపు ఉదాహరణమొకటి చెప్పెదను. హవాయి దీవులలో 1912లో కొందరు స్త్రీలు ఒక సంఘముగా కూడి, బాటలవెంట పెద్ద ఫలకములు నిలిపెడి వ్యాపారుల సరకులను కొనబోమని పట్టుపట్టిరి. ఏండ్లతరబడి ఆ పట్టు విడువలేదు. తుదకు ఫలకముల సంస్థలలో చివరిదానిని తామే కొని మూసివేసిరి. 1927లో ఫలకములను నిషేధించు చట్టము వచ్చినది. అనగా చట్టము ముందు రాలేదు, జనుల నిశ్చయము ముందు వచ్చినది. బ్రెజిల్ దేశమున కోటికి మించిన జనసంఖ్య గల సావ్ పావ్లో నగరము 2007 మొదలుకొని సుమారు 15,000 ఫలకములను తీసివేసినది. ఆ నగరమున వ్యాపారము ఆగిపోలేదు.

మన పల్లెలలో ఈ నిశ్చయము ఎవరినుండి రావలెను? పటముపై ఎవరి ముఖములు ముద్రింపబడుచున్నవో వారినుండియే. కుర్రవాండ్రు పటము కట్టుట ఫ్లెక్సుపై ప్రేమచేత కాదు. పెద్దలపై గౌరవమును నలుగురికి చూపవలెనను కోరికచేత. పెద్దమనిషి పిలిచి, “నాయనా! నా బొమ్మ వేయవద్దు. ఆ రూకలతో బడిపిల్లలకు పలకలు కొని యిమ్ము, నాకదియే గౌరవము” అనినచో, ఆ మాటను త్రోసివేయు కుర్రవాడు మన సీమలో లేడు. జరిమానాతో కానిది ఈ ఒక్క మాటతో అగును. పెండ్లి పెద్దలును, దేవాలయపు ధర్మకర్తలును, కులసంఘముల ముఖ్యులును ఇట్లే చెప్పవచ్చును.

ప్రకటన తప్పనిసరియైనచోట చేయదగిన మార్గములు కలవు. మొదటిది, గ్రామపంచాయతీ ముందట నొక నల్లబల్ల. నాటి వార్తను సుద్దతో వ్రాసి మరునాడు తుడిచివేయవచ్చును. రెండవది, చాటింపు, మైకుతోనైనను సరియే, అయితే కొలదిమాటలలో. మూడవది, యజమాని సమ్మతించిన గోడపై సున్నపురంగుల వ్రాత. తైలవర్ణమే వాడవలసివచ్చినచో, సీసము పదిలక్షల పాళ్లలో 90 పాళ్లకు మించరాదని 2016లో చేసిన నియమమునకు లోబడిన రంగును అడిగి కొనవలెను. నాల్గవది, నూలుగుడ్డ పటము. జాతరకు కట్టు పటముపై సంవత్సరమును వ్రాయింపకున్నచో అది ప్రతియేడును పనికివచ్చును. గుడ్డయని అమ్మునదంతయు నూలు కాదు. ఒక దారమును లాగి వెలిగించి చూడుడు. నూలైనచో కాగితమువలె కాలి మెత్తని బూడిద యగును. పాలియెస్టరైనచో కరిగి గట్టి పూసగా మారును.

గుడ్డపటమునకు వెల యెక్కువ గదా యని కొందరందురు. నిజమే. కాని ఒక్కనాటికి కట్టి పారవేయు దానితో, ఐదేండ్లు మడతపెట్టి దాచుకొను దానిని సరిపోల్చవలెను. ముద్రాపకుల జీవనము మాట యేమని మరికొందరడుగుదురు. అడుగదగిన ప్రశ్నయే. ఫ్లెక్సు వచ్చినపుడు కుంచె పట్టిన చిత్రకారుల జీవనమును గురించి ఎవరును అడుగలేదు. ఆ తప్పిదము మరల జరుగరాదు. నేటి ముద్రాపకులు గుడ్డపై ముద్రించుటకు మరలువరకు వారికి కొంత గడువీయవలెను; మన ఊరి పనులు వారికే ఈయవలెను.

చివరకు, పటము కట్టిన వాడే పటమును దింపవలెనను కట్టుబాటు గ్రామసభలో చేసికొనుడు. పండుగ గడచిన మూడవనాటికి కట్టెలు, త్రాళ్లు, పటము అన్నియు తీసివేయవలెను. చెట్టుకు మేకు కొట్టరాదు. కాలువగట్టున పటము నిలుపరాదు. ఈ మూడు మాటలకు రూకల ఖర్చు లేదు. రాబోవు వినాయకచవితికి ముందే ఈ విషయము గ్రామసభలో చర్చకు వచ్చునట్లు చూడుడని పెద్దలైన మిమ్ములను కోరుచున్నాను.