ఆటస్థలానికి చందా

కళాశాలకు తరగతి గదులు కట్టాలంటే సంఘంలో ఎవరూ అడ్డు చెప్పరు. క్రీడాప్రాంగణం, దానికి ఆనుకుని ఒక సభామందిరం అనగానే మాత్రం 'ఆటలకు దేవుని సొమ్మా?' అన్న మాట వస్తుంది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో ఆ మాటను తేలిగ్గా తీసుకోలేం. ఇక్కడ కానుకల సంచిలో పడే నోటు వెనక బీడీలు చుట్టిన వేళ్లున్నాయి, మరమగ్గం దగ్గర గడిచిన రాత్రులున్నాయి, గల్ఫ్ ఎండలో పనిచేసే కొడుకులున్నారు.

ఆటలు విశ్వాసికి పరాయివేమీ కావు. మన ఊళ్లలో పిల్లలు సాయంత్రం వల కట్టి ఆడే వాలీబాల్‌ను 1895లో అమెరికాలో రూపొందించినవాడు వై.ఎం.సి.ఎ.లో పనిచేసిన విలియం మోర్గాన్. అంతకు నాలుగేళ్ల ముందు బాస్కెట్‌బాల్‌ను కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్ వేదాంతం చదువుకున్నవాడే. 1920లో మద్రాసులో వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా కళాశాలను స్థాపించిన హ్యారీ క్రో బక్, 1924లో పారిస్ ఒలింపిక్స్‌కు భారత జట్టు వెంట వెళ్లాడు.

కాబట్టి చిక్కు ఆటతో కాదు, చందా ఎత్తే తీరుతోనే.

కొరింథు సమీపంలో రెండేళ్లకోసారి పెద్ద క్రీడోత్సవం జరిగేది. అందుకే ఆ సంఘానికి పౌలు పరుగుపందెం గురించీ, ముష్టియుద్ధం గురించీ రాశాడు. అదే పత్రిక చివర యెరూషలేములోని బీదల కోసం చందా అడిగాడు. వారం వారం ఎవరి వర్ధిల్లత కొద్దీ వారు ఇంటి దగ్గరే తీసిపెట్టాలన్నాడు. తాను వచ్చాక వసూళ్లు ఉండకూడదన్నాడు. ఇప్పుడు మనం చేస్తున్నది సరిగ్గా దీనికి తలకిందులు. వేదిక మీది నుంచి పేరు పెట్టి పిలుస్తాం, మొత్తం చదువుతాం, చప్పట్లు కొట్టిస్తాం. ఇవ్వలేనివాడు తల దించుకుని కూర్చుంటాడు.

సంఘాన్ని స్థాపించినవాడై ఉండి కూడా పౌలు ఆ సొమ్మును ఒంటరిగా ముట్టలేదు. తీతుతోపాటు మరో ఇద్దరు సహోదరులను పంపాడు. లెక్క దేవునికి తెలిస్తే చాలు, మనుషులకెందుకు అనలేదు. ఈ మాట మన కమిటీలలో ఎంత తరచుగా వినబడుతుందో పాఠకులకు తెలుసు.

1929లో కొరింథు తవ్వకాల్లో ఒక శిలాశాసనం దొరికింది. ఎరస్తు అనే అధికారి తన పదవికి ప్రతిగా సొంత ఖర్చుతో రాళ్లు పరిపించాడని దాని సారాంశం. రోమా పత్రికలోని ఎరస్తు ఇతడేనా అన్నదానిపై పండితులకు ఏకాభిప్రాయం లేదు. ఎవరైతేనేం, రాతి మీద పేరు మిగిలింది. కటిక పేదరికంలో శక్తికి మించి ఇచ్చిన మాసిదోనియ విశ్వాసులలో మాత్రం ఏ ఒక్కరి పేరూ ఆ చందా వృత్తాంతంలో లేదు. పౌలు కొరింథువారికి ఆదర్శంగా చూపింది ఆ పేరు లేనివారినే.

మనకు దగ్గరలోనే మెదక్ చర్చి ఉంది. చార్లెస్ వాకర్ పాస్నెట్ కరువు కాలంలో దాన్ని కట్టిస్తూ ఆకలిగొన్నవారికి పని, తిండి కల్పించాడు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. ఆ గోడలు లేస్తున్నప్పుడు పేదవాడి ఇంట పొయ్యి వెలిగింది.

ఆటస్థలానికి చందా పుస్తకం తెరిచే ముందు సంఘ పెద్దలు కొన్ని సంగతులు కాగితం మీద పెట్టాలి. ఖర్చు ఎంత, లెక్కలు ఎవరు తనిఖీ చేస్తారు, సభామందిరాన్ని పెళ్లిళ్లకు అద్దెకిస్తే ఆ డబ్బు ఎటు పోతుంది. పిడికెడు బియ్యం తీసిపెట్టిన తల్లి కూతురు ఆ కళాశాలలో చదవకపోయినా, సాయంత్రం వచ్చి అక్కడ పరుగెత్తవచ్చా? గేటు తాళం ఎవరి దగ్గర ఉంటుందో కూడా అందులోనే రాయాలి.